ధూళి చాటు చుక్క

యూనివర్సిటీ క్యాంపస్‌లో క్లాసులు ఆగిపోయి అప్పటికి రెండు నెలలు దాటింది. హాస్టల్ మెస్సులు మూసేశారు. కరెంటు ఒక పూట ఉంటే ఒక పూట లేదు. విద్యార్థులు రోడ్డు పక్కనే రాళ్ల పొయ్యిలు పెట్టి, గుండిగల్లో వండుకు తింటూ, తెలంగాణ వచ్చేదాకా ఇళ్లకు పోయేది లేదని కూర్చున్నారు. అలాంటి ఫిబ్రవరిలో, ఖగోళ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమలకు ఒక మంచి కబురు వచ్చింది. రాజస్థాన్‌లో ఒక కొండ మీదున్న పరారుణ దూరదర్శినిని నాలుగు రాత్రులు వాడుకోవడానికి ఆమెకు అనుమతి దొరికింది.

అమలది జనగామ దగ్గర పల్లె. తండ్రి దానయ్య తాపీ పని చేస్తాడు, ఆదివారాలు చర్చిలో తబలా వాయిస్తాడు. ఎమ్మెస్సీ చివర్లో ఆమె చదువు ఇక చాలనుకుని, బీఈడీ చేసి ఎక్కడైనా టీచరుగా చేరదామనుకుంది. అప్పుడు ప్రొఫెసర్ సుధామయి ఆమెను గదికి పిలిచి, "బీఈడీ ఎప్పుడైనా చెయ్యొచ్చు. ముందు ఇది చూడు" అని ఒక గ్రాఫు ముందు పెట్టింది. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి పాతికేళ్లుగా తార్నాకలో ఉంటున్న మనిషి ఆమె. ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు మాత్రం సాయంత్రం దాకా మాట్లాడింది.

ఆ గ్రాఫు ఒక ముసలి నక్షత్రానిది. నిజానికి అక్కడున్నవి రెండు. ఒకటి ఆయుష్షు తీరిపోతూ తన పై పొరలను ఆకాశంలోకి వదిలేస్తోంది. దాని జతగా ఇంకొకటి తిరుగుతోంది. వదిలేసిన వాయువూ ధూళీ ఎటో ఎగిరిపోకుండా ఆ జంట చుట్టూ పెద్ద పళ్లెంలా పరుచుకున్నాయి. మనకు ఆ పళ్లెం దాదాపు అంచు వైపు నుంచే కనిపిస్తుంది. అందువల్ల ఏడేళ్లకో మాటు, కక్ష్యలో తిరుగుతూ తిరుగుతూ, ముసలి నక్షత్రం ఆ అంచు చాటుకు వస్తుంది. అప్పుడు దాని వెలుగు ఆ ధూళిలోంచి, ఆ వాయువులోంచి వడగట్టుకుని మన దాకా చేరుతుంది. మామూలు వెలుగుకు ధూళి అడ్డు. కంటికి కనిపించని పరారుణ కిరణాలకు ఆ అడ్డు తక్కువ. వాటిని పట్టి విడదీస్తే, అక్కడున్న వాయువు ఏమిటో, ఎంత వేడిగా ఉందో, అక్కడే నిలిచి ఉందో వెళ్లిపోతోందో తెలుస్తుంది.

నక్షత్రం ఇప్పుడు ఆ చాటులోనే ఉంది. మార్చి దాటితే అది సాయంత్రపు ఎండలో కలిసిపోతుంది. మళ్లీ కనబడేసరికి చాటు వదిలి బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు తప్పితే ఇంకో ఏడేళ్లు.

డిపార్ట్‌మెంటుకు తాళం పడింది కాబట్టి ఇద్దరూ తార్నాకలో సుధామయి ఫ్లాట్‌లోనే, భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఏ రాత్రి ఏం చెయ్యాలో రాసుకునేవారు. అమల పొద్దున క్యాంపస్‌లో అందరితో కలిసి వంటకు ఉల్లిగడ్డలు కోసి, ఊరేగింపు ఉంటే నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి ఇక్కడికి వచ్చేది. సుధామయి తల్లి వెంకటరమణమ్మ పొద్దస్తమానం టీవీలో వార్తలు చూస్తూ ఉండేది.

"ఏమ్మాయ్, మీ రాష్ట్రం మీకు వచ్చేస్తే మమ్మల్ని పొమ్మంటారా?" అని ఒకరోజు అడిగింది.

అమల పెసరట్టు ముక్క నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. "ఎవలు పొమ్మంటరు అమ్మమ్మా? మీరు పోతే నాకు గిట్ల ఎవలు పెడ్తరు?"

ముసలామె నవ్వి, ఇంకో అట్టు వేసింది. సుధామయి మాత్రం తలెత్తలేదు.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "అక్కడ లొల్లి అయితున్నదట గద బిడ్డా," అంది తల్లి చిట్టెమ్మ. "పైలం. దేవుడు తోవ చూపిస్తడు. మేం ప్రార్థనల పెట్టినం నీ పేరు." తండ్రి పక్క నుంచి, "నీ చుక్క పేరేందో గూడ చెప్పు, దాన్ని గూడ పెడ్తం ప్రార్థనల" అన్నాడు. అమల ఫోన్ పట్టుకుని నవ్వింది. ఆ చుక్కకు పేరు లేదని, నంబరే ఉందని చెబితే, "నంబరే చెప్పు, రాసుకుంట" అన్నాడాయన.

ఆ సాయంత్రమే మర్నాటికి బంద్ పిలుపు వచ్చింది.

బండి మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కాలి. పొద్దున్నే తార్నాకకు వెళ్లిపోదామని అమల పెట్టె సర్దుకుని హాస్టల్ బయటికి వచ్చేసరికి గేట్లన్నీ మూసి ఉన్నాయి. బయట పోలీసులు వరసగా నిలబడ్డారు. లోపల విద్యార్థుల ఊరేగింపు గేటు వైపు కదిలింది. పొద్దెక్కేసరికి రాళ్లు, లాఠీలు, ఆ వెంటనే బాష్పవాయువు. అమల రోడ్డు దాటుతుండగా ఒక గోళం ఆమెకు కాస్త దూరంలోనే పడి బుస్సుమంది. కళ్లు మండిపోయాయి. తడుముకుంటూ పెట్టెను ఈడ్చుకుంటూ చెట్ల కింద ఉన్న దీక్షా శిబిరానికి చేరింది.

శిబిరం బాధ్యత బిక్షపతిది. నల్గొండ జిల్లా వాడు, చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు. అమలను చెల్లె అంటాడు. అప్పుడే అతను దెబ్బలు తగిలిన ఇద్దరిని చాప మీద పడుకోబెట్టి లేచాడు.

"అన్నా, నేను పోతలేను," అంది అమల. "మేడంకు ఫోన్ చేసి చెప్త."

"ఏడికి పోతలేవు?"

"రాజస్థాన్‌కు. ఇంతమందిమి ఈడ దెబ్బలు తింటుంటే నేను పోయి చుక్కలు చూసుకుంట కూసుంటనా? నాతోని కాదు."

బిక్షపతి ముఖానికి కట్టుకున్న తడిగుడ్డ తీశాడు. అతని కళ్లూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నువ్వు పోకుంటె గా నాలుగు రోజులు ఎవలకిస్తరు?"

"వేరేటోళ్లకు."

"మన క్యాంపస్‌ల ఎవలకన్న ఇస్తరా?"

"ఇయ్యరు."

"మరి మనం ఎందుకు కొట్లాడుతున్నం చెల్లె? మా ఊరి పిల్లలు, మీ ఊరి పిల్లలు గసొంటి కాడికి పోవాలెననే గద? పొయ్యేటి ఒక్కదానివి నువ్వు ఈడ కూసుంటె రేపు నేనేం చెప్పాలె వాళ్లకు?"

అమల చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"తెలంగాణ ఇయ్యాల కాకుంటె రేపు తెస్తం. నీ చుక్క ఆగుతదా?"

"ఆగది."

"నడువు మరి."

అతను ఆమె పెట్టెను భుజానికెత్తుకుని గేటు వైపు కాకుండా వెనక వైపు నడిచాడు. గోడ విరిగిన చోట దాటి ఇద్దరూ మాణికేశ్వర్ నగర్ బస్తీ సందుల్లోకి దిగారు. అమలకు ముందున్న దారి కనిపించడం లేదు. బిక్షపతి చొక్కా అంచు పట్టుకుని నడిచింది. ఒక ఇంటి ముందు రాములవ్వ అనే ముసలామె వాళ్లను చూసి చెంబుతో నీళ్లు తెచ్చింది. అమల తల వంచితే ఆమే కళ్లు కడిగి, చెంగుతో అద్ది, ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది.

"ఏడికి బిడ్డా, పెట్టె వట్టుకొని?"

"చుక్కలు చూడనీకి పోతున్న అవ్వా."

"చుక్కలకు అంత దూరం పోవుడెందుకు? పోలీసోళ్లు పట్టపగలే చూపిస్తున్నరు గద!" అంది రాములవ్వ. కళ్లు మండుతుండగానే అమల పకపకా నవ్వేసింది. పొద్దుటి నుంచి బిక్కచచ్చిపోయిన గుండె ఆ నవ్వుతో కాస్త కుదుటపడింది. ఆ ముసలామె చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఏంది బిడ్డా, నీళ్లిచ్చినందుకేనా!" అని ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

తార్నాకలో సుధామయి సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి వెళ్లాలని ముందే అనుకున్నారు. అమల కళ్లు చూసి లోపలికి తీసుకెళ్లి మందు చుక్కలు వేసింది. వెంకటరమణమ్మ చూపు బిక్షపతి మీద పడింది. అతని ఎడమ మోచేతి నుంచి రక్తం కారుతోంది.

"ఇదేవిటయ్యా, ఇంత దెబ్బతో బరువు మోసుకొచ్చావా?"

"చిన్నదే అమ్మమ్మా. గోడ దుంకినప్పుడు తాకింది."

"చిన్నదో పెద్దదో నేను చెప్తాను, కూర్చో." ఆవిడ దెబ్బ కడిగి గుడ్డ కట్టింది. కడుతూ ఊరేదని, అమ్మానాన్నలెవరని అడిగింది, గొడవలకు వెళ్లొద్దని తిట్టింది. అతను బుద్ధిగా తలూపాడు. అందరూ బయల్దేరుతుంటే పులిహోర పొట్లాలు రెండు కూతురి సంచిలో పెట్టి, మూడోది బిక్షపతి జేబులో కుక్కింది.

రోడ్ల మీద ఆటో లేదు, బస్సు లేదు. షాపుల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ముగ్గురూ నడిచే వెళ్లారు. మెట్టుగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. జెండాలు పట్టుకున్న యువకులు పదిమంది దాకా వాళ్లను ఆపారు.

"బంద్ అని ఎరుకలేదా? ఏడికి?" అన్నాడొకడు.

"స్టేషన్‌కండీ. బండి అందుకోవాలి, కొంచెం వెళ్లనివ్వండి," అంది సుధామయి.

ఆ యాస వినగానే వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ పక్కకు జరగలేదు. సుధామయి సంచీని గట్టిగా పట్టుకుంది. అమల ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడి, "మా మేడం" అంది.

బిక్షపతి అందుకున్నాడు. "క్యాంపస్‌ల మా పంతులమ్మ. ఈ పిల్లది జనగామ దిక్కు, తాపీమేస్త్రి బిడ్డ. రాజస్థాన్‌ల పెద్ద దుర్బిణి ఉన్నది. దాంట్ల చూసెతందుకు మన పిల్లకు మోకా ఇప్పించింది ఈ మేడమే. ఇయ్యాల బండి దొరకకుంటె ఏడేండ్ల దాక మళ్ల మోకా లేదు."

అడ్డంగా నిలబడ్డవాడు అమల ఎర్రటి కళ్ల వైపు చూశాడు. తర్వాత గబుక్కున చెయ్యి చాచి సుధామయి సంచీ పట్టుకున్నాడు. ఆమె అదిరిపడి వదల్లేదు.

"ఇయ్యుండ్రి మేడం. స్టేషన్ దాక మేం తీస్కొస్తం. ముంగట ఇంకో రెండు జాగాల్ల ఆపుతరు మిమ్ముల."

అలా నలుగురు కుర్రాళ్లు ముందు, ఇద్దరు వెనక నడుస్తూ వాళ్లను సికింద్రాబాద్ దాకా దిగబెట్టారు. పట్టాల మీద విద్యార్థులు కూర్చుని ఉండటంతో బండ్లు కదలడం లేదు. సాయంత్రానికి వాళ్లు లేచారు. చీకటి పడే వేళకు బండి బయల్దేరింది. బిక్షపతి అంతకుముందే వెళ్లిపోయాడు, శిబిరంలో పని ఉందని. అమల సరిగ్గా ఒక్క మాటైనా చెప్పలేకపోయింది అతనితో.

బండిలో పులిహోర తింటూ సుధామయి ఉన్నట్టుండి అంది: "ఈ రెండు నెలలూ నేను మీ శిబిరం ముందు నుంచి నడవలేదు. గమనించావా?"

"గమనించిన మేడం."

"ఎవరైనా ఏమన్నా అంటారేమోనని. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు. నాకు నేనే అనుకున్నాను. ఇవాళ ఆ అబ్బాయి సంచీ పట్టుకున్నప్పుడు కూడా లాక్కుంటున్నాడనే అనుకున్నాను." పొట్లం ఒళ్లో పెట్టుకుని, "మీకు రాష్ట్రం కావాలన్నది నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను అమలా. మా అమ్మకు భయం, నాకూ కొంత భయమే. కానీ ఆ పిల్లల పేర్లయినా అడగలేదు చూడు," అంది.

అమల తన పొట్లంలోని మామిడికాయ ముక్క తీసి మేడం ఆకులో పెట్టింది. ఆమెకు మామిడికాయ ఇష్టమని తెలుసు.

బండి ఆలస్యం కావడంతో మొదటి రాత్రి దారిలోనే పోయింది. రెండో రాత్రి కొండ మీద దుమ్ము గాలి. గోపురం తెరవడానికి వీల్లేదన్నారు అక్కడి ఇంజనీర్లు. మూడో రోజు సాయంత్రం ఆకాశం కడిగినట్టు తేలిపోయింది. చీకటి పడుతూనే దూరదర్శినిని ఆ జంట వైపు తిప్పారు. కెమెరా ఆ వెలుగును కాసేపు కూడబెట్టి, విడదీసి, తెర మీద ఒక గీతగా గీసింది. ఆ గీత సాఫీగా వెళ్తూ వెళ్తూ ఒక చోట మెట్టు దిగినట్టు కిందికి జారింది. ఆ పక్కనే ఇంకో మెట్టు, దాని పక్కన మరోటి.

వెలుగును అలా మెట్లు మెట్లుగా మింగేది కార్బన్ మోనాక్సైడ్ వాయువు. ధూళి పళ్లెం అంచులో, నక్షత్రానికీ మనకూ మధ్య. ఇద్దరూ వేగం లెక్కగట్టారు. ఒకసారి చేసి, నమ్మకం కుదరక ఇంకోసారి చేశారు. వాయువు బయటికి పారిపోవడం లేదు. ఆ జంట చుట్టూనే నింపాదిగా తిరుగుతోంది.

అమల చెంపల మీదుగా నీళ్లు కారాయి.

"ఇక్కడ పొగ లేదుగా!" అంది సుధామయి. అని, తనూ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

నాలుగో రాత్రి కూడా ఆకాశం అనుకూలించింది. కొండ దిగి వస్తుంటే అమలకు ఆ మెట్ల గీత ఒక్కటే కళ్లలో మెదల్లేదు. చర్చిలో తన నక్షత్రం నంబరు చదివి ఉంటాడు తండ్రి. ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టిన చెయ్యి, మెట్టుగూడలో ముందు నడిచిన కుర్రాళ్ల వీపులు, అన్నీ గుర్తొచ్చాయి. తానొక్కతే చూసిందని ఎలా చెప్పుకోవడం?

క్యాంపస్‌కు రాగానే శిబిరానికి వెళ్లింది. బిక్షపతి ఎడమ చేతికి పిండికట్టు ఉంది. ఆ రోజు స్టేషన్ నుంచి తిరిగి వస్తుండగా పోలీసులు పట్టుకుపోయి, మూడు రోజులు ఉంచుకుని వదిలారట. బయటికొచ్చాక డాక్టరుకు చూపిస్తే ఎముక విరిగిందన్నాడట.

"అన్నా! గా చేతితోనేనా నా పెట్టె మోసినవ్?"

"ఏ, కాదు. కుడి భుజం మీద మోసిన. గది మంచిగనే ఉన్నది," అన్నాడు నవ్వుతూ. "ముందు గది చెప్పు. కనబడ్డదా?"

"కనబడ్డది."

బిక్షపతి బెంచీ మీద వెనక్కి వాలి, బాగున్న చేత్తో బెంచీ మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. అమల నేల వైపు చూస్తూ, దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు చెప్పబోయింది. అతను వినలేదు. "గవన్ని ఎందుకు చెల్లె," అని చేత్తోనే ఆపేశాడు.

శిబిరంలో రోజూ కొందరు వంతులవారీగా నిరాహార దీక్షకు కూర్చునేవారు. మర్నాడు బిక్షపతి వంతు. మందులు వేసుకుంటున్నాడు కాబట్టి ఖాళీ కడుపుతో ఉండకూడదని డాక్టరు చెప్పాడు.

"నీ వంతుల నేను కూసుంట," అంది అమల.

అతను ఆమె ముఖంలోకి చూసి, "సరే," అన్నాడు. "గని నువ్వు ఏం చూసినవో అందరికి చెప్పాలె. దినమంత పాటలు, ఉపన్యాసాలే. ఒక్కనాడన్న క్లాస్ జరగనీ."

మర్నాడు అమల మెడలో దండతో, మరో ఐదుగురితో పాటు గుడారంలో కూర్చుంది. మధ్యాహ్నం దాటాక బిక్షపతి మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎదురుగా చాపల మీద విద్యార్థులు, బస్తీ నుంచి వచ్చినవాళ్లు.

"కండ్లకు కనబడని వెలుగు ఎట్లుంటదంటే," అని మొదలుపెట్టింది. "పొయ్యి మీంచి దించిన పెనం ఉంటది. నల్లగనే ఉంటది. గని చెయ్యి దగ్గరికి తీస్కపోతే సుర్రుమంటది గద? గా వేడి గూడ వెలుగే. మన కన్ను దాన్ని చూడలేదు, మేం వాడే కెమెరా చూస్తది. సచ్చిపొయ్యే చుక్క చుట్టు ఉన్న ధూళి గూడ గట్లనే వేడెక్కి ఉంటది."

"సచ్చిపొయ్యే దాన్ని చూసుడెందుకక్కా? పుట్టేది చూడరాదు?" అని ఒక అమ్మాయి అడిగింది. అందరూ నవ్వారు.

అమల కూడా నవ్వి మైకు సర్దుకుంటుండగా గుడారం పక్క నుంచి, "అది నేను చెప్పనా?" అన్న మాట వినిపించింది. సుధామయి. ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. బిక్షపతి పొద్దున ఫోన్ చేసి రమ్మన్నాడని తర్వాత తెలిసింది. ఒక విద్యార్థి లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు. ఆమె కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. పోయే నక్షత్రం వదిలిన ధూళిలో బొగ్గు ఉంటుందని, ఇసుకను పోలిన రజను ఉంటుందని, కొత్తగా పుట్టేవాటికి అదే ముడిసరుకని, ఈ పళ్లెంలో అది చెదిరిపోకుండా నిలిచి ఉండటం వల్ల ఇంకా ఏం తయారవుతుందో ఎవరికీ పూర్తిగా తెలియదని చెప్పింది. "అందుకే వెళ్లి చూశాం. మీరు పంపితే వెళ్లి చూశాం," అంది. మైకులో ఆమె తెనాలి యాస చెట్ల దాకా వినిపించింది. ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. సూర్యుడు కూడా పోతాడా, ఎప్పుడు, ఆ దూరదర్శిని మనకెందుకు లేదు, ఆ చదువుకు ఏ పరీక్ష రాయాలి? ఆఖరి ప్రశ్న అడిగిన పిల్ల పేరు, ఊరు సుధామయి అడిగి తెలుసుకుంది.

పొద్దు వాలింది. దీక్ష విరమించే వేళ అయింది. రోజూ ఎవరో ఒక పెద్దమనిషిని పిలిచి నిమ్మరసం ఇప్పించేవారు. బిక్షపతి గ్లాసులున్న పళ్లెం ఒంటిచేత్తో పట్టుకొచ్చి సుధామయి ముందు నిలబడ్డాడు.

"మీరే ఇయ్యాలె మేడం."

"నేనా?" ఆమె చుట్టూ చూసింది. "పర్లేదా?"

"మా పంతులమ్మ కాకుంటె ఇంకెవలు ఇస్తరు?"

ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వంగి, గ్లాసు అందించింది. ఒక్కొక్కరి పేరూ అడిగింది. చివరికి అమల దగ్గరికి వచ్చింది. అమల రెండు చేతులతో గ్లాసు అందుకుని, బండిలోనూ కొండ మీదా చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచింది.

"ముందు తాగు," అంది సుధామయి. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

అమల తాగింది. ఉప్పు కాస్త ఎక్కువైన నిమ్మరసం చల్లగా దిగుతుంటే, ఒంట్లో ప్రాణం మెల్లగా తిరిగొస్తున్నట్టుంది. అవతల పొయ్యి మీద గుండిగలో అన్నం ఉడుకుతోంది. ఎవరో డప్పు మొదలుపెట్టారు. బిక్షపతి చాపలు సర్దుతూ, "మేడం, తినే పోవాలె మీరు," అని కేకేశాడు. సుధామయి తలూపి, చెప్పులు విడిచి, అమల పక్కన చాప మీద కూర్చుంది.